రిప్సాలిస్: ఇంట్లో వేలాడే కాక్టస్‌కు వేళ్ళకు గాలి ఎలా అందించాలి

కాక్టస్ అన్న పేరు చూడగానే చాలామంది ఇసుక కలిపిన మట్టిలో నాటి, ఎర్రటి ఎండలో పెట్టి, నెలకోసారి చెంబెడు నీళ్ళు పోసి ఊరుకుంటారు. నాగజెముడుకు అది సరిపోతుంది. రిప్సాలిస్‌ను అలా పెంచితే కొమ్మలు ముందు ఎర్రబడతాయి, తర్వాత ముడతలు పడతాయి, ఆ తర్వాత కణుపు దగ్గర విడిపోయి ఒక్కొక్కటే రాలిపోతాయి. భయపడి రోజూ నీళ్ళు పోస్తే మొదలు కుళ్ళుతుంది. ఈ రెండు చావులకూ కారణం ఒక్కటే: ఇది నేలమీద పెరిగే మొక్క కాదు.

రిప్సాలిస్ జాతులు ఎక్కువగా ఉన్నది బ్రెజిల్ తూర్పు తీరపు వర్షారణ్యాల్లో. అక్కడ ఇవి పెద్ద చెట్ల కొమ్మల పంగల్లో, నాచులో, కుళ్ళిన ఆకుల పొరలో వేళ్ళు పెట్టుకుని కిందికి వేలాడతాయి. బదనికలా చెట్టు మీదే ఉంటుంది గానీ చెట్టు రసం పీల్చదు, పట్టుకోవడానికి మాత్రమే దాని ఆసరా తీసుకుంటుంది. వాన పడితే నిలువెల్లా తడుస్తుంది. తడి ఎక్కడా నిలవదు కాబట్టి కొద్ది గంటల్లోనే వేళ్ళ చుట్టూ మళ్ళీ గాలి ఆడుతుంది. ఎండ పైనున్న ఆకుల్లోంచి వడకట్టుకుని దిగుతుంది. ఇంట్లో చేయాల్సిందల్లా ఈ మూడూ కుదర్చడం: తరచుగా తడి, వెంటనే గాలి, మెత్తటి వెలుతురు. వీటిలో జనం వదిలేసేది రెండోదాన్ని. అందుకే ఇక్కడ కుండీ మిశ్రమం గురించే ఎక్కువ చెప్పాల్సి వస్తోంది.

మన ఇళ్ళలో బ్రహ్మకమలం అని పిలుచుకునే, రాత్రిపూట విచ్చుకునే తెల్లపూల మొక్క కూడా ఇలా చెట్ల మీద పెరిగే కాక్టస్సే, మెక్సికో వైపుది. దాన్ని బాగా పెంచగలిగినవాళ్ళకు రిప్సాలిస్ కష్టం కాదు.

ఏది తెచ్చుకోవాలి

మొదటిసారి పెంచేవాళ్ళకు రిప్సాలిస్ బాక్సిఫెరా మంచిది. సేమ్యా పోగుల్లా సన్నగా, గుండ్రంగా, ఆకుపచ్చగా ఉండే కాడలు గుత్తులుగా కిందికి దిగుతాయి. ముళ్ళుండవు. ఇంట్లో మీటరుకు పైనే వేలాడుతుంది. అమెరికా ఖండాల వెలుపల సహజంగా పెరుగుతున్న కాక్టస్ ఇదొక్కటే. ఆఫ్రికా, మడగాస్కర్, మన పక్కనున్న శ్రీలంకలో కూడా ఉంది. అంత దూరం ఎలా చేరిందన్నది శాస్త్రవేత్తల మధ్య ఇంకా వాదనగానే ఉంది. వేడి, తేమ రెండూ తట్టుకోగలదు కాబట్టి మనకు ఇదే నమ్మకమైనది.

రిప్సాలిస్ సెరియస్కులాకు పొడుగు కాడల చివర బియ్యపుగింజల కన్నా కొంచెం పెద్ద ముక్కలు గుబురుగా వస్తాయి. ఇది కూడా తేలికే. పైలోకార్పాకు కాడల నిండా తెల్లటి మెత్తని నూగు, పూలకు సువాసన ఉంటాయి. నీళ్ళు ఎక్కువైతే మిగతావాటికన్నా త్వరగా పాడవుతుంది, కాబట్టి చేయి తిరిగాక కొనండి. ఎలిప్టికా, పాకిప్టెరా అనేవి ఆకుల్లా వెడల్పుగా ఉంటాయి. అవి కూడా ఆకులు కావు, కాండాలే.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. కాడజెముడు లేత కొమ్మలు బాక్సిఫెరాను కొంచెం పోలి ఉంటాయి, కొన్నిచోట్ల రెండిటినీ పెన్సిల్ కాక్టస్ అని అమ్మేస్తారు. చివర చిన్న ముక్క గిల్లి చూడండి. తెల్లటి పాలు కారితే అది కాడజెముడు. ఆ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం, వెంటనే చేతులు కడుక్కోండి. రిప్సాలిస్ నుంచి నీళ్ళలాంటి రసం వస్తుంది, అంతే. దీనికి విషం లేదు, పిల్లి కొరికినా హాని ఉండదు.

కడియం నుంచి వచ్చినా, ఇంకో నర్సరీ నుంచి వచ్చినా మొక్క సాధారణంగా ఎర్రమట్టి ముద్దలోనో, వట్టి కోకోపీట్‌లోనో (కొబ్బరి డొక్క పొట్టు) ఉంటుంది. తెచ్చినరోజే కుండీ మార్చకండి. మిగతా మొక్కలకు దూరంగా 15 రోజులు ఉంచి, కణుపుల దగ్గర తెల్లటి దూది ముద్దల్లాంటివి కనిపిస్తున్నాయేమో చూడండి. ఏమీ లేకపోతే అప్పుడు మట్టి మార్చండి.

కుండీ, మిశ్రమం

ఒక 6 అంగుళాల కుండీకి దాదాపు 2 లీటర్ల మిశ్రమం పడుతుంది. 200 మి.లీ. గ్లాసుతో కొలవండి:

కొబ్బరి డొక్క ముక్కలు, 1 నుంచి 1.5 సెం.మీ. సైజువి: 4 గ్లాసులు
కడిగిన కోకోపీట్: 2 గ్లాసులు
పెర్లైట్ (నర్సరీల్లో దొరికే తేలికైన తెల్లటి గుళికలు): 2 గ్లాసులు
శెనగగింజంత కట్టెబొగ్గు ముక్కలు: 1 గ్లాసు
వర్మీకంపోస్ట్: 1 గ్లాసు

ఇందులో అసలు పని చేసేవి డొక్క ముక్కలు. తడిని తమలో దాచుకుంటాయి, ముక్కకూ ముక్కకూ మధ్య మాత్రం సందు మిగులుతుంది. వేళ్ళు ఆ సందుల్లోనే బతుకుతాయి. కోనసీమ లాంటి కొబ్బరి ప్రాంతాల్లో ఉన్నవాళ్ళు ఎండు కొబ్బరి డొక్కను కత్తితో కొట్టి సొంతంగా చేసుకోవచ్చు. పీచు పోగులు మరీ పొడుగ్గా ఉంటే కత్తిరించండి, లేకపోతే కలిపేటప్పుడు ఉండలు కడతాయి. పెర్లైట్ దొరక్కపోతే దుమ్ము జల్లించేసిన ఇటుక ముక్కలు అంతే కొలతలో వేయండి, కుండీ బరువు పెరుగుతుందని మాత్రం గుర్తుంచుకోండి. ఏటి ఇసుక వద్దు. సన్న రేణువులు సందులన్నీ పూడ్చేస్తాయి, ఏ గాలి కోసం ఇంత తంటా పడుతున్నామో ఆ గాలే ఆగిపోతుంది.

కోకోపీట్‌ను కడగకుండా వాడకండి. అందులో ఉప్పు ఉంటుంది, దానివల్ల లేత వేళ్ళ కొసలు మాడతాయి. 650 గ్రాముల ఇటుక నీళ్ళలో నానితే 8 లీటర్ల దాకా ఉబ్బుతుంది, కాబట్టి అవసరమైనంతే విరిచి నానబెట్టండి. బకెట్‌లో నానబెట్టి, గంట తర్వాత గుడ్డలో వేసి పిండి, మళ్ళీ కొత్త నీళ్ళు పోయండి. కనీసం మూడుసార్లు. మొదటి నీళ్ళు ముదురు గోధుమరంగులో ఉంటాయి, మూడోసారికి లేతగా వస్తాయి. డొక్క ముక్కలనూ రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోయండి.

అన్నీ కలిపాక మిశ్రమాన్ని తడిపి గుప్పిట్లో గట్టిగా పిండండి. రెండు మూడు చుక్కలు రాలి, గుప్పిట విప్పగానే పొడిపొడిగా విడిపోవాలి. ముద్దగా నిలబడితే డొక్క ముక్కలు ఇంకో గ్లాసు కలపండి. కుండీ నింపాక అర లీటరు నీళ్ళు పోసి చూడండి. 10 సెకన్లలోపు అడుగునుంచి కారడం మొదలవ్వాలి. పైన చెరువులా నిలిచి మెల్లగా ఇంకుతోందంటే ఆ కుండీలో రిప్సాలిస్ వర్షాకాలం దాటదు.

కుండీ అడుగున గులకరాళ్ళ పొర వేయడం మన దగ్గర గట్టిగా పాతుకుపోయిన అలవాటు. దానివల్ల నీరు త్వరగా దిగిపోదు. పైన సన్నటి మిశ్రమం, కింద పెద్ద రాళ్ళు ఉన్నప్పుడు నీరు ఆ రెండూ కలిసేచోట ఆగిపోతుంది, తడి పొర వేళ్ళకు ఇంకా దగ్గరవుతుంది. రంధ్రం మీద చిన్న నైలాన్ జాలీ ముక్క పెడితే చాలు.

వేళ్ళు పైపైనే ఉంటాయి కాబట్టి లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న కుండీ తీసుకోండి. వేళ్ళగుత్తి కన్నా ఒకే అంగుళం పెద్దది చాలు. పెద్ద కుండీలో వేళ్ళు చేరని మిశ్రమం రోజుల తరబడి తడిగానే ఉండిపోతుంది. హైదరాబాద్, కర్నూలు, కరీంనగర్ లాంటి పొడి గాలి ఊళ్ళలో ప్లాస్టిక్ కుండీ మేలు, మట్టికుండ ఒక్కరోజులో ఎండిపోతుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు వైపు గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి అక్కడ మట్టికుండ సరైనది. వేలాడే కుండీల కింద అతికించి వచ్చే పళ్ళెం ఊడదీసేయండి. ఊడకపోతే నీళ్ళు పోసేటప్పుడు దించి, పూర్తిగా కారాకే తగిలించండి.

ఎక్కడ వేలాడదీయాలి

తూర్పు కిటికీకి రెండు మూడు అడుగుల లోపు అన్నిటికన్నా మంచి చోటు. ఉదయం 8, 9 గంటల దాకా పడే నీరెండ దీనికి ఇష్టమే. మధ్యాహ్నం తర్వాతి పడమటి ఎండ ఒక్క గంట తగిలినా కాడలు ఎర్రబారతాయి. పడమటి కిటికీ తప్ప వేరే దారి లేకపోతే పల్చటి తెల్ల కర్టెన్ వేయండి, బాల్కనీలో అయితే 50 శాతం షేడ్‌నెట్ కట్టండి. వెలుతురు చాలుతోందా లేదా తెలియాలంటే మధ్యాహ్నం 12 గంటలకు మొక్క ఉన్నచోట తెల్లకాగితం పెట్టి, అడుగు ఎత్తున చెయ్యి చాపండి. అంచులు చెదిరిన మెత్తటి నీడ పడితే సరిపోయినట్టు. నీడ గీత గీసినట్టు పడితే ఎండ ఎక్కువ, అసలు కనబడకపోతే వెలుతురు చాలదు. చాలనిచోట 20 వాట్ల తెల్ల ఎల్ఈడీ ట్యూబును అడుగు దూరంలో రోజుకు 12 గంటలు వెలిగించండి.

తడిసిన 6 అంగుళాల కుండీ, మొక్కతో కలిపి, రెండు కిలోలకు దగ్గరగా తూగుతుంది. కర్టెన్ రాడ్‌కు తగిలించకండి. శ్లాబులో రంధ్రం వేసి బిగించిన కొక్కేనికో, కిటికీ గ్రిల్‌కో తగిలించండి. సీలింగ్ ఫ్యాను గాలి నేరుగా తగలకూడదు, కాడలు ఒకదానికొకటి రాసుకుని కణుపుల దగ్గర తెగిపోతాయి. తలుపు తెరిచినప్పుడు తగిలే చోటూ వద్దు.

నీళ్ళు

వారానికి ఇన్నిసార్లు అని చెప్పలేం, మిశ్రమాన్ని అడిగే పోయాలి. ఒక చీపురుపుల్లను కుండీ అంచువైపు నుంచి అడుగుదాకా గుచ్చి, 10 నిమిషాలు ఉంచి తీయండి. పైనున్న మూడో వంతు పొడిగా, కింద కొంచెం తడిగా వస్తే నీళ్ళు పోసే రోజు. పుల్ల మొత్తం ముదురురంగులో తడిగా ఉంటే ఆగండి. మొత్తం పొడిగా వస్తే ఆలస్యమైనట్టే, ఎడారి కాక్టస్‌లా ఇది నెలల తరబడి నీళ్ళు లేకుండా ఓర్చుకోదు. కొన్నాళ్ళకు కుండీని ఎత్తి చూస్తేనే బరువును బట్టి తెలిసిపోతుంది. 6 అంగుళాల కుండీకి స్థూలంగా లెక్క ఇలా పడుతుంది: ఎండాకాలం 3 నుంచి 5 రోజులకు, వానల్లో 7 నుంచి 10 రోజులకు, చలికాలం 8 నుంచి 12 రోజులకు ఒకసారి.

పోసినప్పుడు మాత్రం నిండా పోయండి. 400 నుంచి 500 మి.లీ. నీళ్ళు చుట్టూ తిప్పుతూ పోసి, అడుగునుంచి ధారగా కారనివ్వండి. నీరు దిగుతూ వెనకాలే కొత్తగాలిని సందుల్లోకి లాగుతుంది. రోజూ అరగ్లాసు చిలకరిస్తే పైన తడి, లోపల పొడి, ఉప్పంతా మిశ్రమంలోనే ఉండిపోతుంది. పూర్తిగా ఎండిన కోకోపీట్ నీళ్ళను తోసేస్తుంది, పోసినదంతా కుండీ గోడ పక్కనుంచి జారిపోతుంది. అప్పుడు కుండీని నీళ్ళ బకెట్‌లో అంచుకు అంగుళం కిందిదాకా ముంచి 20 నిమిషాలు ఉంచి తీయండి.

బోరునీళ్ళు చాలాచోట్ల గట్టివి. కుండీ అంచున, రంధ్రాల చుట్టూ తెల్లటి పొర పేరుకుంటే మీ నీళ్ళలో సున్నం ఎక్కువుందని అర్థం. దాన్నే పోస్తూ పోతే కొత్త కాడలు పసుపురంగులో వస్తాయి. వాననీళ్ళు పట్టి ఉంచుకోండి. ఏసీ నుంచి కారే నీళ్ళలో ఉప్పు ఉండదు, అవీ పనికొస్తాయి. ఏమీ లేకపోతే సగం ఆర్‌ఓ నీళ్ళు, సగం బోరునీళ్ళు కలపండి. ఆర్‌ఓ మిషను బయటికి వదిలేసే వృథా నీళ్ళు మాత్రం వద్దు, ఉప్పంతా వాటిలోనే ఉంటుంది.

ఎరువు తక్కువే. నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19 ఎరువు పొడి లీటరు నీళ్ళకు అర గ్రాము, జులై నుంచి అక్టోబరు దాకా 15 రోజులకోసారి, తడిగా ఉన్న మిశ్రమానికి మాత్రమే. పశువుల ఎరువు, వేరుశనగ చెక్క వేయకండి, సందులు పూడి జిగటవుతుంది.

ఎండాకాలం దాటించడం

15 నుంచి 30 డిగ్రీల మధ్య ఇది హాయిగా పెరుగుతుంది. 35 దాటితే ఎదుగుదల ఆపేస్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ వానలు పడేదాకా మన పని దాన్ని పెంచడం కాదు, నిలబెట్టడం. బాల్కనీలోంచి లోపలికి తెచ్చి, వడగాడ్పు తగలని, రాత్రిళ్ళు కాస్త చల్లబడే గదిలో పెట్టండి. నీళ్ళు తెల్లవారుజామునో, పొద్దుపోయాకో పోయండి. కుండీ గోడ చేతికి వేడిగా తగులుతున్నప్పుడు పోయవద్దు. తడి, వేడి కలిస్తే వేళ్ళు ఒక్కరోజులో చెడతాయి. నాలుగైదు కుండీలను దగ్గరగా వేలాడదీస్తే చుట్టూ తేమ నిలుస్తుంది. కూలరున్న గది బాగుంటుంది, గాలి నేరుగా మీద పడకుండా చూడండి. ఈ మూడు నెలలు ఎరువు, కత్తిరింపు, కుండీ మార్పిడి అన్నీ మానేయండి.

చలికాలంలో పొట్టి పగళ్ళు, చల్లటి రాత్రుల తర్వాత కాడల పక్కన గుండుసూది తలంత మొగ్గలు వస్తాయి. బాక్సిఫెరా పూలు చిన్నవి, తెల్లవి, సెంటీమీటరు లోపే. మొగ్గ వేశాక కుండీ తిప్పకండి, చోటు మార్చకండి, రాలిపోతాయి. రాత్రంతా లైటు వెలిగే గదిలో మొగ్గలు సరిగా రావు. ఆదిలాబాద్ వైపు, అరకు వైపు 10 డిగ్రీల కన్నా తగ్గే రాత్రుల్లో కిటికీ అద్దానికి దూరంగా జరపండి.

అమెరికా చలి ప్రాంతాల్లో ఉన్న తెలుగువాళ్ళకు చలికన్నా హీటరు గాలి ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. గాలి వచ్చే రంధ్రానికి దూరంగా ఉంచి, పుల్ల పరీక్ష కొంచెం తరచుగా చేయండి. ఊరినుంచి ముక్క సూట్‌కేసులో పెట్టుకుని వెళ్ళొద్దు. కాక్టస్ కుటుంబం దాదాపు మొత్తం అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందంలోని రెండో జాబితాలో ఉంది, అనుమతి పత్రాలు లేకుండా సరిహద్దు దాటించకూడదు. అక్కడి నర్సరీల్లో తేలిగ్గానే దొరుకుతుంది.

కాడలు ముడుచుకుపోతే

అందరూ తప్పు చేసేది ఇక్కడే. కాడలు సన్నబడి గీతలు పడితే దాహమనుకుని నీళ్ళు పోస్తారు. ముందు చీపురుపుల్ల గుచ్చండి. పొడిగా వస్తే నిజంగానే దాహం, బకెట్‌లో ముంచితే రెండు మూడు రోజుల్లో కాడలు ఉబ్బుతాయి. పుల్ల తడిగా వచ్చి కాడలు మాత్రం ముడుచుకుని ఉంటే వేళ్ళు కుళ్ళాయి, నీళ్ళున్నా తాగలేకపోతోంది.

అప్పుడు ఆలస్యం చేయకుండా మొక్కను కుండీలోంచి తీసి మిశ్రమమంతా దులపండి. మొక్క వేళ్ళను రెండు చేతివేళ్ళ మధ్య లాగి చూడండి. బాగున్నవి గట్టిగా, లేతరంగులో ఉంటాయి. కుళ్ళినవాటి పైతొడుగు జారిపోయి లోపలి దారం మిగులుతుంది. కత్తెరను స్పిరిట్‌తో తుడిచి వాటన్నిటినీ కోసేయండి. కాడ మొదలు నల్లబడి మెత్తగా ఉంటే, కోసినచోట లోపల శుభ్రమైన ఆకుపచ్చ కనబడేదాకా పైకి కోస్తూ రండి. మిగిలిన వేళ్ళను లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజుమందు కలిపిన నీళ్ళలో 10 నిమిషాలు ముంచి, నీడలో ఒకరోజు ఆరబెట్టి, కొత్త మిశ్రమంలో చిన్న కుండీలో నాటండి. ఈ మందు పని ఆరుబయట, చేతికి గ్లవ్స్ వేసుకుని చేయండి. నాటాక నాలుగైదు రోజులు నీళ్ళు వద్దు. సగానికి పైగా వేళ్ళు పోయుంటే ఆ మొక్కను కాపాడే ప్రయత్నం కన్నా పైనున్న మంచి కాడలతో కొత్తది మొదలుపెట్టడమే తెలివైన పని.

కణుపుల్లో తెల్లటి దూదిలా కనిపించేది పిండినల్లి. కొద్దిగా ఉంటే దూది పుల్లను స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్కటీ తుడవండి. ఎక్కువుంటే లీటరు నీళ్ళకు 5 మి.లీ. వేపనూనె, అది నీళ్ళలో కలవడానికి ఒక చెంచా కుంకుడు రసం వేసి గిలక్కొట్టి, సాయంత్రం పూట పిచికారీ చేయండి. 7 రోజుల తేడాతో మూడుసార్లు చేస్తేగానీ గుడ్లలోంచి వచ్చే పిల్లలు పోవు. మొదటిసారి నాలుగు కాడల మీద మాత్రమే కొట్టి రెండు రోజులు చూడండి. కుండీ చుట్టూ చిన్న నల్లదోమలు ఎగురుతుంటే మిశ్రమం ఎప్పుడూ తడిగానే ఉంటోందని అర్థం, నీళ్ళ మధ్య ఎడం పెంచితే అవే తగ్గుతాయి. కాడల మీద గాలిలోకి సన్నటి తెల్లటి వేళ్ళు రావడం తెగులు కాదు, చెట్టును పట్టుకోవడానికి వేసే వేళ్ళు అవి.

రెండు మూడేళ్ళకు కోకోపీట్ చివికి మెత్తబడుతుంది, సందులు మూసుకుపోతాయి. నీళ్ళు దిగడం మందగించిందంటే జులై, ఆగస్టుల్లో పాతది దులిపి కొత్త మిశ్రమం వేయండి. కుండీ సైజు పెంచాల్సిన పనిలేదు.

కొత్త మొక్కలు

ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య 10 సెం.మీ. కాడలను కణుపు దగ్గర కత్తిరించండి. కోసిన చివర ఆరి పొర కట్టడానికి నీడలో రెండు మూడు రోజులు వదిలేయండి. 4 అంగుళాల కుండీలో ఒకటీ రెండూ నాటితే ఎప్పటికీ గుబురు రాదు, 8 నుంచి 10 ముక్కలు గుచ్చండి, 2 సెం.మీ. లోతు చాలు. తల పైకి, కోసిన చివర కిందికి ఉండాలి. మిశ్రమం పైపైన తడిగా ఉంచితే మూడు నాలుగు వారాల్లో వేళ్ళు పడతాయి. మెల్లగా లాగితే పట్టు తెలుస్తుంది. కొసలు పెరగడం మొదలయ్యాక చివరి ముక్కను గిల్లేస్తే అక్కడినుంచి రెండు మూడు కొమ్మలు చీలుతాయి.

బాక్సిఫెరా పూశాక ముత్యాల్లాంటి చిన్న తెల్లటి కాయలు కాస్తే విత్తనాలూ వేయొచ్చు. పండిన కాయను వేళ్ళతో చిదిపి, టీ వడపోతలో వేసి జిగురంతా పోయేదాకా కడగండి, జిగురుంటే బూజు పడుతుంది. తడి కోకోపీట్ మీద చల్లి, పైన ఏమీ కప్పకుండా, డబ్బాకు మూత పెట్టి వెలుతురున్న నీడలో ఉంచండి. రోజుకోసారి మూత తీసి గాలి తగలనివ్వండి. రెండు మూడు వారాల్లో మొలకలు వస్తాయి. వాటి లేత కాండం మీద సన్నటి నూగు ముళ్ళుంటాయి. వేరే మొక్క మొలిచిందనుకుని పీకేయకండి, తర్వాత వచ్చే కొమ్మలకు ముళ్ళుండవు.